అడవి నీడన కోకో వేస్తానంటున్న అమ్మాయికి

చిరంజీవి తల్లీ,

అడవి చెట్లు కొట్టకుండానే కోకో వేస్తావని తెలిసి పొంగిపోయాను. దిగులూ పట్టుకుంది. ఒక్క చెట్టూ కొట్టనివాళ్ల తోటలో కూడా అడవి అంతరించిపోగలదు, అందుకే ఈ ఉత్తరం.

నాటడం నీకు తెలిసిందే: 3 మీటర్ల ఎడం, హెక్టారుకు 1,100 మొక్కల దాకా. పెద్ద చెట్ల మొదళ్లకు ఎడంగా వేయి. లేత మొక్కకు సగానికి మించి నీడ కావాలి. పలచగా ఉన్నచోట అరటి, గిరిపుష్పం ఆదుకుంటాయి. కాపుకొచ్చాక నీడ మూడోవంతుకు అటూ ఇటూగా చాలు. చిక్కనైతే తేమ నిలిచి నల్లకాయ కుళ్లు వస్తుంది, నడినెత్తిన ఎండ పడితే రసం పీల్చే మిరిడ్ పురుగు అక్కడే చేరుతుంది. నీడ తగ్గించమన్నానని గొడ్డలి పట్టేవు! పెద్ద చెట్ల కింది కొమ్మలు తీసి గుబురు పైకి లేపు. కోకోను 3–4 మీటర్లు దాటనీయకపోతే రెంటి మధ్యా గాలి ఆడుతుంది.

నా భయమంతా కలుపుతోనే. బ్రెజిల్‌లోని దక్షిణ బాహియాలో కబ్రూకా పద్ధతి ఉంది: కింది పొదలు తీసేసి పెద్ద చెట్ల కింద కోకో వేస్తారు. దూరం నుంచి చూస్తే అడవే. కానీ కలుపు కత్తి తిరిగిన ప్రతిసారీ గడ్డితోపాటు అడవి మొలకలూ తెగిపోతాయి. ఏ ఏడాదికాయేడు నష్టం తెలియదు. ముసలి చెట్టు గాలికి ఒరిగిన రోజున చూస్తే దాని తర్వాతి తరమే ఉండదు. ఆ ఖాళీలో పనసలాంటి బయటి చెట్లు నాటుకుంటారు. తోట పచ్చగానే ఉంటుంది, అడవి జాతులు మాత్రం ఒక్కొక్కటే తగ్గిపోతాయి. పైకి బాగున్న తోటే నన్ను ఎక్కువ భయపెడుతుంది, తల్లీ.

కాబట్టి కలుపుకు ముందురోజు తోటంతా నడువు. అడవి మొలక కనబడ్డచోటల్లా దానికంటే ఎత్తైన కర్ర పాతి, కొసకు ఎర్రరంగు వేయి. పేరు తెలియని మొలకనూ పీకకుండా ఉంచు, ఇంకాస్త ఎదిగితే ఏదో తేలుతుంది. కర్ర చుట్టూ అడుగు మేర చేత్తోనే పీకించు. చివరికి 12–15 మీటర్లకొక చెట్టు నిలిస్తే చాలు, కానీ కొన్ని ఎలాగూ పోతాయి గనక మొదట దానికి రెండు మూడింతలు ఉంచు. ఎండిన కర్రలా ఉందని ఎవరో ఒకరు నరికేస్తారు, నువ్వు పక్కనే ఉండాలి.

అడవి చెట్లు నాటాల్సి వస్తే విత్తనమంతా ఒక్క తల్లిచెట్టు కిందే ఏరుకురాకు, దూరదూరంగా ఉన్న పదీ పన్నెండింటి నుంచి తే. పశ్చిమ ఆఫ్రికాలో తెల్లబూరుగు, కోలా జాతులు కోకో కొమ్మలు వాచే వైరస్‌కు ఆశ్రయమిస్తాయి, అక్కడివాళ్లు వాటిని కోకో మధ్య కొత్తగా నాటకపోవడమే మేలు.

రాలిన ఆకు ఊడ్చేయకు. కోకో పూలకు పరాగసంపర్కం చేసే చిన్న దోమల్లాంటి ఈగలు ఆ తడిచెత్తలోనే పెరుగుతాయి. కుళ్లిన కాయల్ని మాత్రం వారంవారం కోసి తోట బయటికి చేర్చు.

రంగు వానకు వెలిసిపోతుంది, ప్రతి కలుపుకు ముందూ మళ్లీ పూయి. మొదటి కలుపు ఎప్పుడో ముందే రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న