బాల్కనీలో కాఫీ గింజలు వేయిస్తే లైసెన్సు కావాలా?

ప్రశ్న: మాది విశాఖ, మధురవాడ. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు, అద్దె ఇల్లు. లాక్‌డౌన్‌లో ఊసుపోక మూకుట్లో కాఫీ గింజలు వేయించడం మొదలుపెట్టాను, ఇప్పుడు కిలో పట్టే చిన్న డ్రమ్ రోస్టర్ దాకా వచ్చింది. పాడేరు వైపు తెలిసిన రైతుల దగ్గర పచ్చి గింజలు తెచ్చుకుని నెలకు 25, 30 కిలోలు వేయించి వాట్సాప్‌లోనే అమ్ముతున్నాను. ఇక 'అరకు' పేరు కలిసేలా ఒక బ్రాండ్ పెట్టి, ప్యాకెట్లు అచ్చు వేయించి, హైదరాబాద్, బెంగళూరు కూడా పంపాలని ఉంది. తెలిసినాయన ఒకరు 12 వేలు ఇస్తే అన్ని లైసెన్సులూ ఇప్పిస్తానంటున్నారు. ఇంట్లో చేసుకునే పనికి కూడా ఇవన్నీ కావాలా? ఇవ్వమంటారా? (పేరు వద్దన్నారు)

జవాబు: ముందు ఆ 12 వేలు జాగ్రత్తగా దాచుకోండి, వేరే ఖర్చులున్నాయి, చెబుతాను.

ఇంట్లో చేసినా, ఫ్యాక్టరీలో చేసినా, తినేదో తాగేదో తయారుచేసి డబ్బుకు అమ్మితే అది ఆహార వ్యాపారమే. 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో 'ఇంట్లోనే కదా' అనే మినహాయింపు లేదు, చిన్నవాళ్లకు లైసెన్సు బదులు రిజిస్ట్రేషన్ చాలు అనే వెసులుబాటు మాత్రం ఉంది. 2011 నిబంధనల్లో ఆ గీత ఏడాదికి 12 లక్షల టర్నోవర్ దగ్గర గీశారు, ఈ గీతలు అప్పుడప్పుడూ మారుస్తుంటారు కాబట్టి అప్లై చేసే రోజు ఫాస్కోస్ (ఆహార లైసెన్సులిచ్చే ప్రభుత్వ వెబ్‌సైట్) పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి. మీరు కిలో 1,400 చొప్పున నెలకు 30 కిలోలు అమ్మినా ఏడాదికి 5 లక్షల చిల్లరే, అంటే మీకు రిజిస్ట్రేషనే. ఫోటో, గుర్తింపు కార్డు, చిరునామా రుజువు అప్‌లోడ్ చేయాలి, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. అవును, వందే. 14 అంకెల నంబరు వస్తుంది, అది ప్యాకెట్ మీద ఉండాలి. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అయితే పూర్తిగా ఉచితం. ఈ రెండింటికీ వేలకు వేలు అడిగే వెబ్‌సైట్లు అచ్చం ప్రభుత్వానివే అన్నట్టు కనిపిస్తాయి, వెబ్ అడ్రసు చివర .gov.in ఉందో లేదో చూసి గాని డబ్బు కట్టకండి. వీటితో పాటు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ట్రేడ్ లైసెన్సు సంగతి మీ జోనల్ ఆఫీసులో కనుక్కోండి.

ఇక జీఎస్టీ. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు పరిమితి 40 లక్షలు, మీరు దాని దరిదాపుల్లో కూడా లేరు కాబట్టి అక్కర్లేదనే చెప్పేవాణ్ని, మీరు హైదరాబాద్ అనకపోతే. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవర్ ఎంతైనా సరే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒకప్పుడు విశాఖ నుంచి హైదరాబాద్‌కు పంపడమంటే సొంత రాష్ట్రంలో పంపడమే, ఇప్పుడు గరికపాడు దాటితే అంతర్రాష్ట్రం. పావుకిలో ప్యాకెట్ ఒక్కటి కొరియర్ చేసినా లెక్క అదే. పచ్చి గింజల మీద పన్ను లేదు, వేయిస్తే 5 శాతం. 'నేను వేడి మాత్రమే తగిలించాను' అంటే కుదరదు. చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం కట్టేసే కాంపోజిషన్ స్కీమ్ తేలికే గాని అందులో ఉంటే రాష్ట్రం బయట అమ్మకూడదు. అందుకే నా సలహా, మొదటి ఏడాది విశాఖ, విజయనగరం, విజయవాడలతోనే సరిపెట్టుకోండి, బెంగళూరు వాళ్లకు కాఫీ కొరత లేదు లెండి.

ఇప్పుడు అసలు చిక్కు, 'అరకు'. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, దరఖాస్తు పెట్టింది కాఫీ బోర్డు. అప్పట్లో విశాఖ జిల్లాగా ఉన్న ఆ కొండప్రాంతం (ఇప్పుడు చాలావరకు అల్లూరి సీతారామరాజు జిల్లా), దానికి ఆనుకున్న ఒడిశా ప్రాంతం, అక్కడ పండే అరబికా, ఇదీ దాని హద్దు. అంటే మీ గింజలు నిజంగా పాడేరువే అయినా రొబస్టా (అరబికా కాని వేరే రకం కాఫీ) కలిపితే ఆ పేరు వాడకూడదు. గింజ అసలుదైనా సరే, ఆ గుర్తింపును ప్యాకెట్ మీద వాడుకోవాలంటే చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. ఇది రైతులకేగా అని మీ అనుమానం కావచ్చు, వ్యవసాయ ఉత్పత్తుల విషయంలో వాటిని ప్రాసెస్ చేసేవాళ్లు, ప్యాక్ చేసేవాళ్లు కూడా ఉత్పత్తిదారుల కిందికే వస్తారని చట్టంలోనే రాసి ఉంది, మీరూ పెట్టుకోవచ్చు. రైతుల దగ్గర కొన్న ప్రతిసారీ ఊరు, తేదీ, బరువు రాసి సంతకం చేయించిన చీటీ ఒకటి దాచండి, రేపు ఎవరైనా అడిగితే అదే మీ ఆధారం.

బ్రాండ్ పేరులోకి మాత్రం 'అరకు' తేవద్దు. ఆ పేరుతో ఇప్పటికే పెద్ద బ్రాండ్లున్నాయి, గిరిజన సహకార సంస్థ కూడా అదే పేరుతో అమ్ముతోంది. ఊరి పేరు మీద ట్రేడ్‌మార్క్ తెచ్చుకోవడం ఎలాగూ కష్టం. మీ అమ్మమ్మ పేరో, ఇంటిపేరో పెట్టుకోండి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తులో కాఫీ 30వ క్లాసులోకి వస్తుంది, సొంతంగా ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు ఫీజు 4,500. సర్టిఫికెట్ చేతికి రాకుండా సున్నాలో ఆర్ గుర్తు మాత్రం వేయించకండి, అది నేరం. 'ఆర్గానిక్' కూడా అంతే. అక్కడి రైతులు మందులు కొట్టరని మీకూ తెలుసు, నాకూ తెలుసు, సేంద్రియ సాగుకిచ్చే ఎన్‌పీఓపీ గాని పీజీఎస్ గాని సర్టిఫికెట్ లేకపోతే ఆ మాట ప్యాకెట్ ఎక్కకూడదు.

ప్యాకెట్ వెనక రాయాల్సినవి మీకు ఎవరైనా చెబుతారు. పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, పచ్చ చదరంలో పచ్చ చుక్క, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్. కొత్తవాళ్లు మరిచిపోయేది గ్రాము ధర. 250 గ్రాములు 350 రూపాయలైతే, గ్రాముకు రూ.1.40 అని కూడా అచ్చు వేయాలి. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోపు తూనికలు, కొలతల శాఖలో ప్యాకర్‌గా నమోదు చేసుకోవాలి, ఫీజు 500. కాటా సంగతీ వాళ్లదే. ఆన్‌లైన్‌లో 600 పెట్టి కొన్న కిచెన్ కాటా మీద తూచి అమ్మకూడదు, ముద్ర వేసిన కాటా కొని ఏడాదికోసారి మళ్లీ ముద్ర వేయించుకోవాలి. ఇంకో మాట, తూచేది వేయించాకే. కిలో పచ్చి గింజలు వేగేసరికి 850 గ్రాముల దగ్గరికి దిగుతాయి, ఆ నీళ్లకు కూడా మీరు రైతుకు డబ్బు కట్టారు, ధర వేసుకునేటప్పుడు అది మరిచిపోయి నష్టపోయినవాళ్లను చూశాను.

కాగితాల సంగతి ఇంతే, వాటికంటే మీ ఇల్లే నన్ను భయపెడుతోంది.

ఇంటి మీటర్ మీద వ్యాపారం చేస్తే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అది అనధికార వాడకం. ఎప్పటి నుంచో తేలితే అప్పటి నుంచి, తేలకపోతే వెనక్కి 12 నెలలకు, రెట్టింపు టారిఫ్ లెక్కగట్టి బిల్లు ఇస్తారు. మా బంధువుల్లో ఒకావిడ పచ్చళ్లు చేసి అమ్మేది. మూడు గ్రైండర్లు, ఒక సీలింగ్ మెషీన్, అన్నీ ఇంటి మీటర్ మీదే. తనిఖీకి వచ్చినవాళ్లు కాగితం చేతిలో పెట్టి వెళ్లాక ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదు, ఆహార లైసెన్సు మాత్రం పటం కట్టించి గోడకు తగిలించుకుంది పాపం! కాబట్టి వేరే మీటర్ పెట్టించుకోండి, ఏ కేటగిరీలో అన్నది కరెంటాఫీసులో అడగండి. రోస్టర్ గ్యాస్‌ది అయితే ఇంటి ఎర్ర సిలిండర్ వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ బండ తెచ్చుకోవాలి, దాన్ని రెండో అంతస్తు బాల్కనీలో పెట్టడానికి మీ అసోసియేషన్ ఒప్పుకుంటుందా అన్నది వేరే టెన్షన్.

తర్వాత పొగ. కాఫీ వాసన అందరికీ ఇష్టమే అనుకుంటాం, అది కప్పులోది. గింజ టప్‌మని పగిలే దశలో వచ్చే పొగ మాడిన గడ్డివాసన వేస్తుంది, దానితో పాటు ఉల్లిపొర లాంటి పొట్టు ఎగిరి పక్కింటి దండెం మీద తెల్ల చొక్కాలకు అంటుకుంటుంది. వేడి పొట్టు ఒకచోట పోగైతే రాజుకుంటుంది కూడా. పక్కవాళ్లకు ఓపిక పోయి ఫిర్యాదు చేస్తే, కొత్త నాగరిక్ సురక్ష సంహిత 152 కింద ఇబ్బంది తొలగించమని ఆదేశించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది, మీ 14 అంకెల నంబరు అక్కడ అడ్డుపడదు. పైగా అద్దె ఇల్లు. 'నివాసానికి మాత్రమే' అని అగ్రిమెంట్‌లో ఉందేమో చూడండి, ఓనరు సమ్మతి లేఖ జీఎస్టీకి కూడా కావాలి. నేనైతే ఆ 12 వేలు అడ్వాన్సుగా ఇచ్చి, ఊరి చివర రేకుల షెడ్డో, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఖాళీ గదో చూసుకుని, రిజిస్ట్రేషన్ ఆ చిరునామాకే తీసుకుంటాను.

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నేను చికోరీ కలిపి ఫిల్టర్ కాఫీ పొడి చేస్తాను, 60:40. మా కస్టమర్లు 'ప్యూర్ ఫిల్టర్ కాఫీ' అని రాయమంటున్నారు. రాయొచ్చా?

జవాబు: రాయకూడదు. చికోరీ కలపడం తప్పు కాదు, కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, మీది 60 కాబట్టి ఫర్వాలేదు. కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అన్నది ప్యాకెట్ మీద తెలిసేలా అచ్చు వేయాలి. దాచుకోవాల్సిన విషయం కూడా కాదు, డికాక్షన్ చిక్కగా దిగాలంటే చికోరీ పడాల్సిందేనని వాదించే ఇళ్లు బోలెడు, మా ఇల్లూ అందులో ఒకటి. మీకు ఇంకో సంగతి, జీఎస్టీ 40 లక్షల పరిమితిని తెలంగాణ తీసుకోలేదు, మీకు 20 లక్షలే. పైన విశాఖవారికి చెప్పిన లెక్క మీకు పనికిరాదు.

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇంట్లో కాఫీ వేయించి తెలుగువాళ్లకు అమ్ముకోవచ్చా? నేను హెచ్-4 మీద ఉన్నాను.

జవాబు: టెక్సాస్ ఈ విషయంలో మనకంటే ఉదారం. అక్కడి కాటేజ్ ఫుడ్ చట్టంలో వేయించిన కాఫీకి చోటుంది, లైసెన్సు అక్కర్లేదు, ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు చేసి, ఇది ప్రభుత్వ లైసెన్సు, తనిఖీల పరిధిలోకి రాని ఇంట్లో చేసింది అని లేబుల్ మీద రాయాలి. ఏడాది అమ్మకాల పరిమితిని 2025 సెప్టెంబర్ నుంచి 50 వేల డాలర్ల నుంచి లక్షన్నరకు పెంచారు. ఈ సౌకర్యం టెక్సాస్ లోపలి అమ్మకాలకే, న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు పంపడానికి కాదు. మీకు అడ్డం వచ్చేది కాఫీ కాదు, వీసా. ఈఏడీ (పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు) లేకుండా హెచ్-4 మీద ఉండి ఇంట్లో కూర్చుని అమ్మినా అది పని చేయడం కిందికే వస్తుంది. ఈఏడీ ఉంటే మొదలుపెట్టండి, లేకపోతే మొదటి ప్యాకెట్ అమ్మకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి.