సోడియం తగ్గితే ఉప్పు పెంచకుండా నీళ్లు తగ్గించమంటారెందుకు?

మీ అమ్మగారికి సోడియం 124 వచ్చిందని, డాక్టరేమో ఉప్పు సంగతి ఎత్తకుండా నీళ్లు తగ్గించమన్నారని అడిగారు కదండీ. మా అమ్మ అప్పుడు నేనూ ఇదే అడిగాను.

మే నెల. హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బీపీ మాత్ర వాడేది. ఎండలకి భయపడి చెంబులకొద్దీ నీళ్లు తాగేది, అన్నం మాత్రం రెండు ముద్దలే. ఓ పొద్దున కాఫీ గ్లాసులో చారు పోసి ఇచ్చింది, నన్ను మావయ్య పేరుతో పిలిచింది. పెద్దతనం వల్లేమో అనుకున్నాం. పరీక్ష చేయిస్తే 116! లీటరు రక్తానికి 135 నుంచి 145 మిల్లీఈక్వివలెంట్లు ఉండాలి.

ఆ అంకె ఒంట్లో ఉప్పు ఎంతుందో చెప్పదండీ, ఉప్పూ నీళ్ల పాళ్లు చెబుతుంది. చారులో నీళ్లెక్కువైతే వేసిన ఉప్పు అంతే ఉన్నా చప్పబడుతుంది కదా, అలాగన్నమాట. మామూలుగా రక్తం పలచబడగానే మెదడులోని హైపోథాలమస్ పసిగట్టి, కిడ్నీల చేత నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్ని ఆపేస్తుంది. అప్పుడు కిడ్నీలు ఎక్కువైన నీటిని పలచటి మూత్రంగా వదిలేస్తాయి. అమ్మ బీపీ మాత్రలోని థయాజైడ్ ఆ పలచన చేసే పనికే అడ్డుపడుతుంది. పైగా తిండి తగ్గితే, మూత్రంలో కలిసి పోవాల్సిన లవణాలూ యూరియా చాలక నీళ్లు బయటికి పోలేవు. అమ్మకి రెండూ తోడయ్యాయి.

వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరూ ఉప్పూ పోయినవాళ్ల సంగతి వేరు. సోడియం తగ్గినా సరే, ముందు రక్తం పరిమాణం కాపాడుకోవాలని శరీరం వాసోప్రెసిన్ని వదులుతూనే ఉంటుంది. వాళ్లకి సెలైనే మందు. అందుకే మూత్రంలో సోడియం, ఆస్మోలాలిటీ (మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) పరీక్షలు చేశారా అని మీ డాక్టరుని తప్పకుండా అడగండి.

ఆస్పత్రిలో మేం తొందరపెట్టాం, ఇంకో సీసా ఎక్కించమని. డాక్టరు ఒప్పుకోలేదు. ఆయన చేసిందే సరైనది. రక్తం పలచబడితే మెదడు కణాల్లోకి నీరు చేరి ఉబ్బుతాయి, కాలం గడిచేకొద్దీ వాటికవే సర్దుకుంటాయి. అప్పుడు సోడియం గబగబా పెంచితే నరాల పైపొర దెబ్బతిని కాళ్లూ చేతులూ, మాటా పడిపోవచ్చు. 24 గంటల్లో సోడియం 8 మిల్లీఈక్వివలెంట్లకి మించి పెరగకుండా చూస్తూ, నాలుగేసి గంటలకోసారి రక్తం తీశారు. మూడో రోజు తనే "పాలవాడికి డబ్బులిచ్చావట్రా?" అని అడిగింది.

మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. నీళ్లు లీటరు సీసాకి గీతలు పెట్టి ఇవ్వండి, దాహమంటే నోరు పుక్కిలించమనండి. మత్తుగా ఉన్నా, మాట తడబడినా, వాంతులో ఫిట్సో వచ్చినా అర్ధరాత్రైనా సరే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.