మెషీన్ మీద అంకె చూశాక రోజంతా మూడ్ ఉండట్లేదు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పొద్దున లేవగానే బరువు చూసుకుంటాను. తగ్గితే ఆ రోజు అందరితో బాగుంటాను, పెరిగితే పిల్లాడి మీద కూడా విసుక్కుంటాను. ఒకసారి మెషీన్ ఎక్కి ఊరుకోను. జడ క్లిప్పు తీసి ఇంకోసారి, చేతి వాచీ తీసి మరోసారి, మెషీన్‌ని పక్క టైలు మీదికి జరిపి ఇంకోసారి చూస్తాను. మూడేళ్లలో నాలుగుసార్లు డైటింగ్ చేశాను. ప్రతిసారీ ఐదారు కిలోలు తగ్గడం, తర్వాత అంతకంటే ఎక్కువ పెరగడం. పగలంతా కడుపు మాడ్చుకుంటాను, రాత్రి అందరూ పడుకున్నాక ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడే ఏది దొరికితే అది తినేస్తాను. నాకు మనోబలం లేదని మా ఆయన అంటారు. నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. మూడేళ్లలో నాలుగుసార్లు, అదీ నెలల తరబడి, ఆకలిని పళ్ల బిగువున భరించిన మనిషిని పట్టుకుని మనోబలం లేదంటే నేను ఒప్పుకోను. రాత్రి మిమ్మల్ని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తున్నది ఆకలి.

ఈ మాట ఊరికే ఓదార్పు కోసం అనడం లేదు. 1944 చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఒంట్లోనూ మనసులోనూ ఏ లోపం లేదని పరీక్షలు చేసి మరీ ఎంచుకున్న మనుషులు వాళ్లు, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. ఆరు నెలలపాటు వాళ్ల తిండిని దాదాపు సగానికి తగ్గించారు. బరువు పావు వంతు తగ్గింది, అది అనుకున్నదే. కానీ అంతకుముందు తిండి గురించి పెద్దగా పట్టించుకోని వాళ్లు పగలూ రాత్రీ దాని గురించే మాట్లాడుకోవడం, వంటల పుస్తకాలు కూడబెట్టుకుని చదవడం, పళ్లెం నాకడం, చిన్న మాటకే చిరాకు పడటం మొదలుపెట్టారు. ప్రయోగం అయ్యాక కావలసినంత తిండి పెడితే, కడుపు నిండినా ఆపలేకపోయారు చాలామంది. మీరు రాసిన ఉత్తరంలో ఉన్నదీ అదే కదా! పగలంతా మాడ్చిన ఒళ్లు రాత్రికి బాకీ వసూలు చేసుకుంటోంది. మీ ఆయనకు ఈ పేజీ ఇచ్చి ఈ ఒక్క పేరా చదవమనండి.

ఇక ఆ మెషీన్ సంగతి. ఒక కిలో కొవ్వు పెరగాలంటే ఒంటికి ఖర్చయ్యేదాని కంటే సుమారు 7,700 క్యాలరీలు ఎక్కువ తినాలి. రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి అది జరిగే పని కాదు, మీరు ఫ్రిజ్ దగ్గర ఎంతసేపు నిలబడినా సరే. మరి అంకె ఎందుకు మారింది? చాలావరకు నీళ్ల వల్ల. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, నెలసరికి ముందు నిలుస్తుంది, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టి కండరాలు నొప్పి పుట్టినప్పుడూ నిలుస్తుంది. కాలేయంలో, కండరాల్లో దాచుకునే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. డైటింగ్ మొదలుపెట్టిన వారానికే రెండు మూడు కిలోలు మాయమవడం, మళ్లీ మామూలుగా తిన్న రెండు రోజులకే తిరిగి రావడం చాలావరకు ఈ నీటి రాకపోకలే. ఒక అర లీటరు నీళ్లు తాగి మెషీన్ ఎక్కి చూడండి, అప్పటికప్పుడు అర కిలో 'పెరిగి' ఉంటారు. ఆ అర కిలో కోసం మీ అబ్బాయి తిట్లు తింటున్నాడు.

బరువు చూసుకోవడమే తప్పని నేననను. వారానికి ఒకసారి చూసుకుని, అంకెను రాసుకుని, తన పనిలో తాను పడేవాళ్లు ఉన్నారు, వాళ్లకది పనికొస్తుంది కూడా. మీకు మాత్రం ఇప్పుడు అది పనికొచ్చే దశ కాదు. మెషీన్‌ని అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, అటక మీద పెట్టించండి. ఆరు వారాలు దించొద్దు. మొదటి వారం చెయ్యి విరిగినట్టు ఉంటుంది, గుర్తుపెట్టుకోండి, తర్వాత అలవాటవుతుంది.

ఆ ఆరు వారాల్లో చేయాల్సింది, వినడానికి మీకు భయంగానే ఉంటుంది గానీ, పొద్దున తినడం. మధ్యాహ్నం తినడం. రెండు భోజనాలకీ మధ్య నాలుగు గంటలకు మించి ఖాళీ ఉంచకపోవడం. ముందురోజు రాత్రి ఎంత తిన్నా సరే, మర్నాడు పొద్దున మానేయకండి, ఎందుకంటే ఆ మానేసిన పూటే మళ్లీ రాత్రి మిమ్మల్ని లేపుతుంది. చాలామందిలో రాత్రి తిండి తగ్గడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. వేళకి తింటున్నా అదుపు తప్పి తినడం వారానికి ఒకసారి చొప్పున మూడు నెలలుగా సాగుతూ, తిన్నాక సిగ్గుతో కుమిలిపోతుంటే దానికి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని వైద్యంలో పేరుంది, మాటలతో చేసే చికిత్స ఉంది, బాగా పనిచేస్తుంది. సైకాలజిస్టు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకండి. అలాగే ఒకసారి థైరాయిడ్ కూడా చూపించుకోండి, మూడేళ్లుగా ఇంత అవస్థ పడుతున్నారు కాబట్టి.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. కొంచెం బొద్దుగా ఉండేది. ఒక ఫంక్షన్‌లో మా దగ్గరివాళ్లు అందరి ముందూ "ఏంటే, ఇంత లావయ్యావు" అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వేశాను. అప్పట్నుంచి రాత్రి భోజనం మానేసింది. నాలుగు నెలల్లో ఏడు కిలోలు తగ్గింది. చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. కానీ మూడు నెలలుగా నెలసరి రావట్లేదు, ఎప్పుడూ చలిగా ఉందంటుంది, దువ్వెన నిండా జుట్టు వస్తోంది. గది తలుపేసుకుని గంటల తరబడి వ్యాయామం చేస్తుంది. ఈ వయసులో మామూలేనని ఊరుకోవచ్చా?

జవాబు: ఊరుకోకండి. ఈ వారం దాటనివ్వకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఉత్తరంలో నాకు రాసిన ప్రతి లక్షణం అక్కడ చెప్పండి. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉందన్నా, నాడి బాగా నెమ్మదించినా, నీళ్లు కూడా తాగనని మొండికేసినా ఆ పూటే వెళ్లాలి.

ఎదిగే పిల్లకి తిండి చాలకపోతే ఒళ్లు ముందు ప్రాణానికి అవసరమైనవాటికి ఖర్చుపెట్టి, మిగతావి ఆపేస్తుంది. నెలసరి ఆగడం, చలి, జుట్టు ఊడటం అన్నీ ఆ పొదుపే. నెలసరి ఆగిందంటే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గింది, అది తగ్గితే ఎముకలు గట్టిపడాల్సిన వయసులో గట్టిపడవు. మనిషి మరీ ఎముకల గూడులా అయితేనే తిండి మానేసే జబ్బు (అనొరెక్సియా) అనుకుంటారు చాలామంది, అది పొరపాటు. బొద్దుగా ఉన్న పిల్ల ఏడు కిలోలు తగ్గి చూడటానికి 'సరిగ్గా' ఉన్నా లోపల ఒళ్లు ఆకలితో అలమటిస్తూ ఉండొచ్చు. అసలు ఆడపిల్లలు ఈడుకొచ్చే రోజుల్లో కొంత ఒళ్లు చేయడం ఎదుగుదలలో భాగం. దాన్ని చూసి పెద్దవాళ్లు నవ్వడం నాకు ఎప్పుడూ కడుపు రగిలించే విషయం.

మీరు నవ్విన సంగతి దాచకుండా రాశారు, దానికి మీకు నమస్కారం. ఆ మాట అమ్మాయితోనూ చెప్పండి. "ఆ రోజు నిన్ను అందరూ అంటుంటే నేనూ నవ్వాను, తప్పు చేశాను" అని. అక్కడితో ఆగండి. "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టొద్దు. ఏడిస్తే పక్కన కూర్చోండి. ఒక్క మాటతో పిల్లకి ఈ జబ్బు రాదు, దాని వెనక చాలా ఉంటాయి, కాబట్టి అంతా మీ వల్లేనని కుంగిపోవద్దు కూడా. అలా కుంగిపోతే భోజనం బల్ల దగ్గర గట్టిగా నిలబడలేరు, ఇప్పుడు మీరు నిలబడాల్సింది అక్కడే. ఈ వయసు పిల్లలకి బాగా పనిచేస్తున్న చికిత్సలో, అది లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది, మొదటి కొన్నాళ్లు ఏం తినాలి, ఎంత తినాలి అన్నది తల్లిదండ్రులే నిర్ణయిస్తారు, పక్కన కూర్చుని తినిపిస్తారు. డాక్టర్‌ని అడిగి, ఆ పద్ధతి తెలిసినవాళ్ల సాయం తీసుకోండి.

మెచ్చుకునేవాళ్లని మాత్రం ఇవాళే ఆపండి. "దాని బరువు గురించి మా ఇంట్లో మాట్లాడొద్దు" అని మొహం మీదే చెప్పండి. ఎవరికి కోపం వస్తే వాళ్లకి రానివ్వండి. మీరు కూడా అద్దం ముందు నిలబడి మీ పొట్ట గురించి విసుక్కునే అలవాటుంటే మానుకోండి, ఆ పిల్ల వింటోంది.

ప్రశ్న: వయసు 46. ఏడు నెలలుగా వారానికి ఐదు రోజులు, రోజుకు నలభై నిమిషాలు వేగంగా నడుస్తున్నాను. తగ్గింది కిలోన్నర. ఎత్తుకి బరువెంతో చెప్పే బీఎంఐ ఇంకా 27 దగ్గరే ఉంది. వాచీలో పదివేల అడుగులు పూర్తికాకపోతే టెన్షన్, రాత్రి పదకొండింటికి హాల్లో అటూ ఇటూ తిరిగి లెక్క సరిచేస్తాను. ఇంత చేసీ లాభం లేనప్పుడు మానేస్తే పోలేదా?

జవాబు: మానొద్దండీ, మీరు ఇప్పటికే లాభంలో ఉన్నారు. నడక ఒక్కదానితో బరువు పెద్దగా తగ్గకపోవడం చాలామందికి జరిగేదే, ఎందుకంటే నడిచినదానికి తగ్గట్టు ఆకలీ పెరుగుతుంది. కానీ గుండెకి మీ బరువెంతో తెలియక్కర్లేదు, నడిచారా లేదా అన్నది తెలుస్తుంది. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది మీద చేసిన పరిశోధన ప్రచురించారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, టికెట్ల కోసం పైకీ కిందకీ మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బులు తక్కువ. మీ నడక వారానికి 200 నిమిషాలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకి చెప్పింది 150 నుంచి 300.

పదివేలు అనే లెక్క ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని 'పదివేల అడుగుల మీటర్' అనే అర్థం వచ్చే పేరుతో అమ్మారు, ఆ పేరే లోకమంతా పాకింది. వయసు మళ్లిన ఆడవాళ్ల మీద 2019లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో రోజుకు 4,400 అడుగులకే మరణాల ముప్పు తగ్గడం కనిపించింది, 7,500 దాటాక అదనంగా పెద్ద లాభం కనపడలేదు. రాత్రి పదకొండింటికి హాల్లో తిరగడం మానేసి పడుకోండి. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి పెరుగుతుంది.

బీఎంఐ మాటకొస్తే, 1830లలో ఆడాల్ఫ్ క్వెట్లె అనే బెల్జియం గణితవేత్త జనాభా మొత్తం సగటు ఎలా ఉంటుందో చూడటానికి వేసిన లెక్క అది. దానికి బీఎంఐ అని 1972లో పేరు పెట్టింది, పైన చెప్పిన యాన్సెల్ కీసే. ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు పొట్ట దగ్గరుందా తొడల దగ్గరుందా అనేది ఆ లెక్కకి తెలియదు. అలాగని 27ని గాలికొదిలేయమనను. ఒక దారం తీసుకుని మీ ఎత్తుకి సరిగ్గా తెంపండి, సగానికి మడవండి, ఊపిరి బిగబట్టకుండా బొడ్డుకి కాస్త పైగా నడుం చుట్టూ చుట్టండి. రెండు కొసలూ కలిస్తే మంచిది. కలవకపోతే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి.

మీ ఉత్తరంలో నాకు కనపడనిది బరువులెత్తే వ్యాయామం. వయసుతో పాటు కండ తగ్గిపోతుంది, నడక దాన్ని పూర్తిగా ఆపలేదు. నడిచే ఐదు రోజుల్లో రెండు రోజులు కాస్త తగ్గించి, ఆ సమయంలో బరువులు ఎత్తండి. మెషీన్ మీద అంకె కదలకపోయినా ప్యాంటు వదులవడం ఇలాంటప్పుడే చూస్తాం.

ప్రశ్న: వయసు 27, బరువు 94 కిలోలు. జిమ్‌లో అందరూ నన్నే చూస్తారని భయం. ఓ పది కిలోలు తగ్గాక చేరదామనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: ఆ పది కిలోల కోసం ఎదురుచూస్తూ ఇప్పటికి ఎన్నేళ్లు గడిచాయో చెప్పండి ముందు! జిమ్ తప్పనిసరేం కాదు, ఇంట్లో మొదలుపెట్టండి. గోడకి చేతులానించి పుషప్స్, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి మళ్లీ కూర్చోవడం, ఈ రెండు చాలు. మోకాళ్ల నొప్పి ఉంటే ఎత్తుగా ఉన్న కుర్చీ తీసుకోండి. ఇప్పటి ఒంటికి సరిపోయే బట్టలు ఒక జత కొనుక్కోండి, తగ్గాక వేసుకుందామని దాచిన బిగుతు టీషర్టుతో ఎవరూ వ్యాయామం చేయలేరు. జిమ్‌కే వెళ్లాలని ఉంటే జనం తక్కువగా ఉండే వేళ కనుక్కుని, మొదటి నాలుగు సార్లు తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి.

ఈ రోజు అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారో తేదీ వేసి రాసుకోండి. పన్నెండు వారాలయ్యాక మళ్లీ లెక్కపెట్టి, ఆ రెండు అంకెలూ నాకు రాసి పంపండి. ఎదురుచూస్తుంటాను.