ఇంకా పుట్టని బిడ్డకు అప్పుడే ఉద్యోగమా?

ప్రశ్న: మా బాబుకు అయిదేళ్లు. మూడేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. మాటలు లేవు, పిలిస్తే పలకడు. ఆ మధ్య ఒక ఫంక్షన్‌కు తీసుకెళ్తే చెవులు మూసుకుని కిందపడి ఒకటే ఏడుపు. అందరూ చూస్తుంటే తట్టుకోలేక నేను బయటికి వెళ్లిపోయాను. థెరపీలకు డబ్బు లోటు చేయడం లేదు. నా భార్య ఉద్యోగం మానేసి వాడితోనే ఉంటోంది. కానీ ఎప్పుడూ చిరాకే. నాతో సరిగ్గా మాట్లాడదు, గదిలోకెళ్లి తలుపేసుకుంటుంది. పసితనంలో ఫోన్ చూపించడం వల్లే ఇలా అయ్యాడని మా అమ్మ అంటుంది, దాంతో ఇద్దరికీ పడదు. ఇంకో బిడ్డ పుడితే వాడికి తోడుంటుంది, మా తర్వాత చూసుకునే మనిషి ఉంటుందని అమ్మ చెబుతోంది. నాకూ అదే సబబనిపిస్తోంది. ఆ మాట ఎత్తితే నా భార్య లేచి వెళ్లిపోతోంది. ఆమెను ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించకండి.

మీ ఉత్తరం చాలా పెద్దది, పైన కుదించి ఇచ్చాను. అందులో మీ అబ్బాయి చేయలేనివన్నీ వరసగా ఉన్నాయి. మాట్లాడడు, చూడడు, ఒకచోట కూర్చోడు, పెన్సిల్ పట్టడు. వాడికి ఏమిష్టమో మాత్రం ఒక్క ముక్క లేదు. ఏ పాట పెడితే ఆగి వింటాడు, ఏ దుప్పటి లేకపోతే పడుకోడు, దాహమేస్తే ఎవరి మణికట్టు పట్టుకుని ఎక్కడికి లాక్కెళతాడు? ఇవన్నీ మీ ఆవిడనడిగితే గుక్కతిప్పుకోకుండా చెబుతుంది. ఇంట్లో చిక్కంతా మీ ఆవిడతోనని, కాకపోతే అత్తాకోడళ్ల మధ్యనని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం అది తండ్రీకొడుకుల మధ్య కనిపిస్తోంది. రెండేళ్లుగా మీరు వాడికి ఫీజులు కడుతున్నారు. వాడితో మీకు ఇంకా పరిచయం కాలేదు.

ఇక రెండో బిడ్డ సంగతి. కడుపున పడని పసిగుడ్డుకు మీరప్పుడే ఉద్యోగం ఖాయం చేసేశారు, అన్నకు జీవితాంతం కాపలా. అడగకుండా, సెలవు లేకుండా. ఇలాంటి లెక్కతో బిడ్డను కనడం నాకు మింగుడుపడదు. ఆ లెక్క కూడా పూర్తిగా వేయలేదు మీరు. ఆటిజం ఉన్న బిడ్డ తర్వాత పుట్టే పిల్లల్లో సుమారు అయిదుగురిలో ఒకరికి ఆటిజం ఉంటుందని పెద్ద అధ్యయనాల్లో తేలింది. మిగతా నలుగురికి రాదు కదా అంటారేమో, నిజమే. బిడ్డ కావాలని ఇద్దరికీ మనసులో ఉంటే నిక్షేపంగా కనండి. తోడు కోసమని, చాకిరీ కోసమని వద్దు.

మీ అమ్మగారి మాట రాసి వదిలేశారు. దానికి మీరేం బదులిచ్చారో రాయలేదు. ఏమీ అనలేదని నేననుకుంటున్నాను. ఈ నింద కొత్తదేమీ కాదు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండుమంది పిల్లల్ని పరిశీలించి ఆటిజం గురించి రాసినప్పుడే, ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయంగా ఉండేవాళ్లు తక్కువన్న మాట చేర్చాడు. ఆ తర్వాత అమెరికాలో పిల్లల మనస్తత్వం గురించి పుస్తకాలు రాసిన బ్రూనో బెటెల్‌హైమ్ లాంటివాళ్లు దాన్ని పట్టుకుని, తల్లి ప్రేమ లేకే పిల్లలు ఇలా అవుతారని ఊదరగొట్టారు. బిడ్డతో ఒక పాట్లు, లోకంతో ఒక పాట్లు పడ్డారా తల్లులు. ఇదంతా తప్పు, ఆటిజం మూలాలు శరీరంలోనే ఉన్నాయని 1964లో ఒక పుస్తకం రాసి వాదించినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్. మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న పిల్లాడికి తండ్రి. ఇంట్లో ఆడమనిషి మీద పడే మాటకు అడ్డం నిలబడటం అంటే అదీ. మీరు పుస్తకం రాయక్కర్లేదు. ఆటిజానికి జన్యువుల పాత్ర చాలా పెద్దదని, పుట్టక ముందే మెదడు ఎదిగే తీరులో తేడా మొదలవుతుందని, ఫోన్ చూపిస్తే వచ్చేది కాదని మీ అమ్మగారికి మీ నోటితో చెబితే చాలు. ఆవిడ మీద నాకు కోపం లేదు. మనవడి మీద బెంగను ఎవరో ఒకరి మీద దించుకోకపోతే ఊపిరాడదు ఆ వయసులో. కోడలి మీద దించితే చూస్తూ ఊరుకోవడం మీది తప్పు.

ఫంక్షన్‌లో వాడు చేసింది మొండితనం కాదు. మొండికేసే పిల్లాడు ఏడుస్తూనే మధ్యమధ్యలో ఓరకంట మీవైపు చూస్తాడు, అడిగింది చేతిలో పెడితే ఆపేస్తాడు. మీవాడికి ఆ క్షణంలో ఏమిచ్చినా ఆగదు. అన్ని గొంతులు, అన్ని దీపాలు, బుగ్గ గిల్లే కొత్త చేతులు, మెడ దగ్గర గుచ్చే కొత్త చొక్కా, అన్నీ ఒక్కసారే మీద పడితే వాడికి అది నిజంగా బాధ. తిట్టకుండా, ప్రశ్నలు వేయకుండా ఎత్తుకుని ప్రశాంతంగా ఉన్నచోటికి తీసుకెళ్లాలి. మీరు బయటికి వెళ్లడం మంచిదే, వాణ్ని కూడా తీసుకెళ్లాల్సింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రోజూ ఒక అరగంట, ఫోన్ వేరే గదిలో పడేసి, వాడి పక్కన నేల మీద కూర్చోండి. బొమ్మ కార్లను నడపకుండా వరసగా పేరుస్తున్నాడనుకోండి, 'అలా కాదు నాన్నా' అని సరిదిద్దకండి. మీరూ ఒక కారు తీసి వరస చివర పెట్టండి. తీసి పారేస్తాడు, పారేయనివ్వండి. మొదట్లో మీరక్కడ ఉన్నారన్న సంగతే పట్టించుకోకపోవచ్చు. కొన్నాళ్లకు ఇంకో కారు కోసం మీ చేతివైపు చూశాడంటే, అది మాటే అనుకోండి. 'కారు' అని ఒక్క పదం అనేసి ఆగండి. రంగేమిటి, ఎన్ని ఉన్నాయి అని పరీక్ష పెట్టకండి. మనసులో పది లెక్కపెట్టేంత సేపు నోరు కట్టుకోండి. మగవాళ్లకిది కష్టం, ఫలితం వెంటనే కావాలంటారు.

ఇది నా సొంత వైద్యం కాదు. బ్రిటన్‌లో 152 మంది చిన్నపిల్లలతో ఒక అధ్యయనం జరిగింది. అందులో థెరపిస్టు ప్రధానంగా శిక్షణ ఇచ్చింది తల్లిదండ్రులకు. బిడ్డతో ఆడుతున్నప్పుడు తీసిన వీడియోను వాళ్లకే చూపించి, ఇదిగో ఇక్కడ వాడేదో చెప్పబోయాడు, మీరు గమనించలేదు అని విడమరిచారు. 2010లో వచ్చిన తొలి ఫలితాల్లో పెద్దలు పిల్లలతో మెలిగే తీరు బాగా మారింది, పిల్లల లక్షణాల్లో మార్పు అంతంతమాత్రమే. దాదాపు ఆరేళ్ల తర్వాత చూస్తే, మామూలు సాయం మాత్రమే అందినవాళ్లకంటే ఈ పిల్లల్లో లక్షణాల తీవ్రత తక్కువగా ఉంది. మీ థెరపిస్టు దగ్గర ఈసారి మీరు కూర్చోండి.

అయిదేళ్లు వచ్చాయి, ఇక మాటలు రావేమోనని భయపడుతున్నారు. నాలుగేళ్లకు కూడా సరిగ్గా మాటలు రాని 535 మంది ఆటిజం పిల్లల వివరాలు చూసి 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. తర్వాతి సంవత్సరాల్లో 70 శాతం మంది పదాలు కలిపి మాట్లాడగలిగారు, మొత్తంలో 47 శాతం మందైతే ధారాళంగానే మాట్లాడారు. మీవాడు ఎటువైపు ఉంటాడో ఎవరూ చెప్పలేరు. ఈలోగా కావాల్సింది చూపించి అడిగే బొమ్మల కార్డులు వాడనివ్వండి. కార్డులకు అలవాటుపడితే మాటలు రావన్నది ఉత్త అపోహ. అడిగే దారి దొరికితే సగం ఏడుపులు తగ్గొచ్చు. 'మా తర్వాత ఎవరు' అన్న భయం మాత్రం నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. దానికి ఇప్పటినుంచి నేర్పాల్సినవి బొత్తాలు పెట్టుకోవడం, పళ్లు తోముకోవడం, బాత్‌రూమ్‌కు తనంతట తాను వెళ్లడం, నొప్పి ఎక్కడుందో చూపించడం. వాడి పేర డబ్బు, సంరక్షకుడి ఏర్పాటు గురించి ఒక లాయరుతో మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి.

మీ ఆవిడ గదిలో తలుపేసుకోవడం మీకు చిరాకులా కనిపిస్తోంది. రోజు మొత్తంలో ఆమెకు దొరికే సెలవు అదేనేమో. వారానికి ఒక పూట వాణ్ని పూర్తిగా మీ మీద వదిలి ఆవిణ్ని బయటికి పంపండి. వాడి చొక్కాలెక్కడ అని ఫోన్ చేయకండి. తిరిగొచ్చాక అది అలా కాదు, ఇలా అని వంకలు పెడుతుంది. పడండి. రెండేళ్లు ఒక్కతే చేసింది మరి. నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, బతకాలని లేదనడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంత రాశారు గానీ, ఇంకో బిడ్డ కావాలో వద్దో మీ ఆవిడ మనసులో ఏముందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఒప్పించే ఉద్దేశం పక్కనపెట్టి ఒకసారి అడగండి. వద్దంటే ఆ విషయం అక్కడితో వదిలేయాలి. ఆ సంగతి మీ అమ్మగారికి చెప్పాల్సింది కూడా మీరే, మీ ఆవిడ కాదు.