గ్యాస్ బండ 500కా, 400కా? మేనిఫెస్టోల్లో తేడా ఎక్కడ దొరుకుతుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: పోటీపడే పెద్ద పార్టీలకు విధానాల్లో నిజంగా తేడా ఉందా? తెలంగాణ 2023, ఆంధ్రప్రదేశ్ 2024 ఎన్నికల గురించి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న (జనగామ నుంచి): 2023లో కాంగ్రెస్, బీఆర్‌ఎస్ హామీలు పక్కపక్కన పెట్టి చదివితే ఒకే కాగితం రెండుసార్లు చదివినట్టనిపించింది. తేడా ఉందంటారా?

అంకెలు మాత్రమే చూస్తే మీకు అలా అనిపించడంలో తప్పులేదు. 2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడ సభలో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు ప్రకటించింది. నెల తిరక్కుండానే, అక్టోబర్ 15న బీఆర్‌ఎస్ మేనిఫెస్టో వచ్చింది. గ్యాస్ బండ వీళ్లు 500 అంటే వాళ్లు 400 అన్నారు. మహిళలకు నెలకు 2,500 అంటే 3,000 అన్నారు. ఆరోగ్యశ్రీ 10 లక్షలు అంటే 15 లక్షలు అన్నారు. పింఛను 4,000కు 5,016, రైతుకు ఎకరాకు 15,000కు 16,000. వేలంపాటలో రెండోవాడు ఎప్పుడూ కొంచెం ఎక్కువే పాడతాడు.

కానీ ఆ పాటలో 'దశలవారీగా' అన్న మాట చాలామంది చెవిన పడలేదు. బీఆర్‌ఎస్ చెప్పిన 5,016 అధికారంలోకి రాగానే ఇచ్చేది కాదు. మొదట 3,016, ఆపైన ఏటా 500 పెంచుతూ అయిదో ఏటికి 5,016. అంటే 3,016, 3,516, 4,016, 4,516, 5,016. కూడి అయిదుతో భాగించండి: సగటు 4,016. కాంగ్రెస్ మొదటినుంచీ ఇస్తానన్నది 4,000. అయిదేళ్ల మీద రెండు హామీలకూ తేడా నెలకు 16 రూపాయలు! రైతు సాయం సంగతీ అంతే. 16,000 చివరి ఏటి మాట, మొదటి మెట్టు 12,000. ఏటా వెయ్యి చొప్పున పెరుగుతుందనుకుంటే సగటు 14,000, అంటే పెద్దగా వినిపించిన హామీయే నిజానికి చిన్నది.

అమలు దగ్గరికొస్తే ఇంకో తమాషా. గెలిచిన కాంగ్రెస్ 2025 జనవరి 26న రైతు భరోసా మొదలుపెట్టినప్పుడు సాగుకు యోగ్యమైన భూమికి ఎకరాకు ఏటా 12,000 అంది. ఓడిన పార్టీ తన మొదటి మెట్టుగా చెప్పిన అంకె అదే. పింఛను పెంపు మాత్రం 2025 మధ్యకి కూడా రాలేదు.

తేడా కోసం రూపాయలు వదిలి మనుషుల వైపు చూడండి. బీఆర్‌ఎస్ హయాంలోని రైతు సాయం, రైతుబంధు, పట్టాదారుకే వెళ్లేది. ఎకరాల పరిమితి లేదు, కౌలు రైతుకు చోటు లేదు. ఇది పొరపాటున జరిగింది కాదు, కౌలుదారుకు ఇవ్వబోమని అప్పటి ప్రభుత్వం బాహాటంగా చెప్పిన విధానం. కాంగ్రెస్ కౌలు రైతును, భూమి లేని కూలీని కూడా జాబితాలో చేర్చింది. అమలులో కూలీకి ఏటా 12,000 ఇచ్చే పథకం వచ్చింది, అదీ 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసిన, సెంటు భూమి లేని కుటుంబాలకు. కౌలు రైతు మాత్రం గట్టు మీదే ఉండిపోయాడు. కాబట్టి ఇక్కడ కాగితం మీద తేడా పెద్దది, చేతికి అందిన తేడా చిన్నది. ఈ రెంటినీ విడివిడిగా కొలవాలి.

భూమి రికార్డుల్లో ఉన్న తేడా మాత్రం గట్టిది. 2020 భూమి హక్కుల చట్టం, ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ వచ్చాక తహసీల్దార్, ఆర్డీవో స్థాయి రెవెన్యూ కోర్టులు పోయాయి. పేరు తప్పుపడితే చాలాసార్లు సివిల్ కోర్టే దిక్కయింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతిలో పై అధికారికి అప్పీలు చేసుకునే దారి తిరిగి వచ్చింది. పాస్‌బుక్‌లో సర్వే నంబరు తప్పుగా పడ్డ రైతుకు గ్యాస్ బండ మీద ఆ వంద రూపాయల కన్నా ఇదే పెద్ద విషయం. సభల్లో దీనికి చప్పట్లు పడవు, అంతే.

ప్రశ్న (తెనాలి నుంచి): ఆంధ్రాలో ఎవరొచ్చినా పథకాల పేర్లు మారడమే తప్ప ఏముంది?

పేర్లు మారడం నిజమే. పిల్లల్ని బడికి పంపే తల్లికిచ్చే సాయంలో వైసీపీ అమ్మఒడి పోయి కూటమి తల్లికి వందనం వచ్చింది. అయితే అమ్మఒడిలో ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఏడాదికి ఒక్క 15,000 మాత్రమే. తల్లికి వందనంలో చదివే ప్రతి బిడ్డకూ లెక్క. అందుకే ఒకచోట 42 లక్షలకు పైగా తల్లులు, మరోచోట సుమారు 67 లక్షల మంది పిల్లలు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఇది పేరు మార్పు కాదు, రెట్టింపు. అలాగని అంతా కొత్తదీ కాదు. బడి నిర్వహణ పేరుతో 2,000 కోసి 13,000 చేతికివ్వడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నెలకు 300 యూనిట్ల కరెంటు, నాలుగు చక్రాల బండి, ఆదాయపు పన్ను లాంటి వడపోతలూ దాదాపు అలాగే ఉన్నాయి.

రైతు సాయంలో ఒక కిటుకు గమనించండి. 2024లో వైసీపీ 16,000 అంది, తెలుగుదేశం కూటమి 20,000 అంది. రెండు అంకెల్లోనూ కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 కలిసే ఉంది. అది తీసేస్తే రాష్ట్రం చేతి నుంచి 10,000, 14,000. పోల్చాల్సినవి ఇవి.

పింఛను 3,000 నుంచి 4,000 కావడం అందరికీ తెలుసు. 2024 జులై 1న మూడు నెలల బకాయితో కలిపి 7,000 పంచారు. దానికి పోటీగా వైసీపీ చెప్పింది 3,500, అదీ 2028, 2029 జనవరుల్లో 250 చొప్పున. ఇది అంకెలో నిజమైన తేడా. ఆ డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తుందన్నది ఇంకో తేడా. వైసీపీ హయాంలో వాలంటీరు, కూటమి హయాంలో సచివాలయ ఉద్యోగి. వాలంటీర్లకు 5,000 బదులు 10,000 ఇస్తామని ఎన్నికల ముందు కూటమి కూడా అంది. గెలిచాక ఆ వ్యవస్థే కొనసాగలేదు.

అసలు పెద్ద తేడాలు రాజధాని, భూమి, మద్యం. ఇక్కడ మేనిఫెస్టోనే నమ్ముకున్నవాడు దెబ్బతింటాడు. 2014 సెప్టెంబర్‌లో విజయవాడ ప్రాంతంలో రాజధానిని శాసనసభలో అప్పటి ప్రతిపక్ష నేత జగన్‌మోహన్ రెడ్డి కూడా స్వాగతించారు. 2019 వైసీపీ మేనిఫెస్టోలో మూడు రాజధానుల మాటే లేదు. ఆ ఆలోచన 2019 డిసెంబర్ 17న శాసనసభలో బయటికొచ్చింది. 2020లో చట్టమైంది, 2021 నవంబర్‌లో ఆ చట్టాన్ని వాళ్లే వెనక్కి తీసుకున్నారు, 2022 మార్చి 3న హైకోర్టు అమరావతినే అభివృద్ధి చేయాలని తీర్పిచ్చింది. రెండు పార్టీల మధ్య అన్నిటికన్నా పెద్ద విభేదం ఓటు వేసిన రోజున ఏ కాగితం మీదా లేదు.

వైసీపీ ప్రభుత్వం తెచ్చిన భూ యాజమాన్య హక్కు చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) కథ వేరు. అది 2024 ప్రచారంలోనే రచ్చకెక్కింది. కొత్త ప్రభుత్వం జూన్ 13న సంతకం పెట్టిన మొదటి ఫైళ్లలో దాని రద్దు ఒకటి. మద్యంలో 2019 అక్టోబర్ నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబర్ 16 నుంచి లాటరీలో గెలిచిన 3,396 ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. అమ్మే చేయి మారింది. ఖజానాకు ఆ రాబడి కావాలన్నది మాత్రం ఇద్దరికీ ఒకటే.

ప్రశ్న (ఖమ్మం నుంచి): ఇంత పోలిక ఎందుకొస్తుంది? సలహాదారులు ఒకరేనా?

ఖజానా ఒకటే. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక చాలా వస్తువుల మీద పన్ను రేటు రాష్ట్రం చేతిలో లేదు, జీఎస్టీ మండలిలో తేలుతుంది. సొంతంగా తిప్పుకోగల పెద్ద తాళాలు నాలుగే మిగిలాయి: మద్యం, పెట్రోలు-డీజిల్ మీద వ్యాట్, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను. కేంద్ర పన్నుల వాటా ఎవరు గెలిచినా మారదు. 2021-26కి పదిహేనో ఆర్థిక సంఘం వేసిన లెక్కలో రాష్ట్రాలకిచ్చే 41 శాతంలో ఆంధ్రా వాటా 4.047 శాతం, తెలంగాణ వాటా 2.102 శాతం. అప్పు తెద్దామంటే రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం గీత, ఆ కాలంలో కరెంటు సంస్కరణలు చేస్తే అదనంగా అర శాతం ఉండేది. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి తీసుకోవాలి. జీతాలు, పింఛన్లు, వడ్డీ పోగా మిగిలేదాంట్లోనే ఎవరైనా ఆడాలి. గిన్నె అదే అయినప్పుడు వడ్డన ఎవరి విస్తరితో మొదలవుతుందన్నదే రాజకీయం.

ప్రశ్న (అనంతపురం నుంచి): రెండు మేనిఫెస్టోలను సరిగ్గా పోల్చడం ఎలా? పద్ధతి చెప్పండి.

ఒక తెల్లకాగితం తీసుకుని ప్రతి హామీకీ అయిదు గళ్లు గీయండి: ఎంత, ఎవరికి, ఎప్పటి నుంచి, ఎవరి ద్వారా, కేంద్రం వాటా ఎంత. కరపత్రం చాలదు, పూర్తి మేనిఫెస్టో కావాలి. 'ఎప్పటి నుంచి' గడి ఖాళీగా మిగిలితే ఆ హామీ పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. 'దశలవారీగా' అని ఉంటే పైన చేసినట్టు అయిదేళ్ల సగటు తీయండి.

తర్వాత ఖర్చు. లక్ష మందిని కొలతగా పెట్టుకుంటే నోటి లెక్కే. నెలకు 1,000 చొప్పున లక్ష మందికి ఏడాదికి 120 కోట్లు. నెలకు 1,500 అయితే 180 కోట్లు, 2,500 అయితే 300 కోట్లు. ఆంధ్రాలో 2024లో పింఛనుదారులు సుమారు 65 లక్షలు. వెయ్యి పెంచితే 65 ఇంటూ 120, అంటే ఏడాదికి 7,800 కోట్లు. ఇది చేసి చూస్తే ఏ హామీ మొదట వస్తుందో, ఏది వెనక్కి పోతుందో మీకే తెలుస్తుంది. ఉచిత బస్సు తెలంగాణలో ప్రమాణ స్వీకారం అయిన రెండు రోజులకే, 2023 డిసెంబర్ 9న రావడానికీ, నెలకు 2,500 హామీ వెనకబడడానికీ కారణం ఈ గుణకారంలోనే ఉంది.

అధికారంలో ఉన్న పార్టీ మాటను బడ్జెట్‌తో సరిచూడండి. ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో ఉండే పుస్తకాల్లో ప్రతి పద్దుకూ నాలుగు వరసలుంటాయి. 2025-26 పుస్తకమైతే 2023-24 అసలు లెక్కలు, 2024-25 బడ్జెట్ అంచనా, అదే ఏటి సవరించిన అంచనా, 2025-26 అంచనా. అందరూ చివరి వరస చదివి మోసపోతారు. బడ్జెట్ అంచనాకూ అసలు లెక్కకూ మధ్య ఎంత తరిగిందో చూడాలి. రాష్ట్రం మొత్తం రాబడి, ఖర్చు, అప్పు నెలవారీగా ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైట్లో దొరుకుతాయి. పథకాలవారీగా మాత్రం అక్కడ ఉండదు.

ఆఖరిది జీవో, అంటే ప్రభుత్వ ఉత్తర్వులో ఉండే మార్గదర్శకాలు. మేనిఫెస్టోలో 'అందరికీ' అని ఉన్నది జీవోలో 'అర్హులకు' అవుతుంది. తెలంగాణ రుణమాఫీ చూడండి. 2 లక్షల దాకా మాఫీ అన్నారు, 2024 జులై 18న మొదలైంది. మార్గదర్శకాల్లో మాత్రం 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య తీసుకున్న లేదా రెన్యువల్ చేసిన పంట రుణాలకే అన్నారు. కుటుంబాన్ని రేషన్ కార్డు సమాచారంతో గుర్తించారు. అప్పు 2 లక్షలు దాటితే పైమొత్తం రైతు ముందు కట్టాలన్నారు. గొడవలు ఎక్కువగా రేగింది ఆ చివరి రెండు షరతుల దగ్గరే.

ప్రశ్న (కాకినాడ నుంచి): ఢిల్లీలో మన పార్టీలు ఎలా ఓటేస్తాయి?

ఇళ్ల దగ్గర కత్తులు దూసుకున్నంతగా అక్కడ దూసుకోవు. 2019లో 370వ అధికరణం విషయంలోనూ, అదే ఏడాది పౌరసత్వ సవరణ బిల్లుకూ తెలుగుదేశం, వైసీపీ రెండూ మద్దతిచ్చాయి. 2022 రాష్ట్రపతి ఎన్నికలో రెండూ ద్రౌపదీ ముర్ముకే ఓటేశాయి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు మీద మాత్రం లోక్‌సభలో చెరో వైపు నిలిచాయి.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): మా దగ్గర నిలబడ్డ ఇద్దరు అభ్యర్థులూ పార్టీలు మారినవాళ్లే. వాళ్ల సొంత విధానాలు ఎక్కడ తెలుసుకోవాలి?

సొంత విధానం కోసం వెతకడం దండగ. ఫిరాయింపులను అడ్డుకునే రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం విప్‌ను, అంటే ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని ధిక్కరించి ఓటేసిన సభ్యుణ్ని పార్టీ 15 రోజుల్లోగా మన్నించకపోతే అతని మీద అనర్హత వేటు పడొచ్చు. కాబట్టి సభలో ఆయన చెయ్యి పార్టీ చెయ్యే. ఎమ్మెల్యేలు మాత్రం చాలా ఎక్కువగానే పార్టీలు మారారు. 2014-19 మధ్య 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు, 2017లో వారిలో నలుగురు మంత్రులూ అయ్యారు. 2019లో తెలుగుదేశానికి వచ్చిన సీట్లు సరిగ్గా 23 కావడం ఊళ్లలో ఇప్పటికీ నవ్వుకునే మాట. తెలంగాణలో 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో (తర్వాత బీఆర్‌ఎస్ అయింది) విలీనమయ్యారు. 2023 ఎన్నికల తర్వాత పదిమంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు నడిచారు.

నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో దొరుకుతుంది. అందులో ఆస్తులు, అప్పులు, కేసులు, ప్రభుత్వ బకాయిలు, చదువు ఉంటాయి. విధానం గురించి ఒక్క గడీ ఉండదు. పాత అఫిడవిట్‌తో పక్కపక్కన పెట్టి ఆస్తులు ఎంత పెరిగాయో చూడండి.

అభ్యర్థి నిజంగా ప్రభావం చూపేది ఎంపికల దగ్గర. ఇందిరమ్మ ఇళ్లు మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు. అంతకుముందు దళితబంధులోనూ ఎమ్మెల్యే సిఫారసుదే పెద్ద పాత్ర. కాబట్టి మీ వీధికి ఓటడగడానికి వచ్చినప్పుడు పింఛను ఎంత పెంచుతారని అడక్కండి, అది ఆయన చేతిలో లేదు. ఇళ్ల జాబితా గ్రామసభలో చదివి వినిపిస్తారా, పేరు రానివాళ్లకు కారణం కాగితం మీద రాసిస్తారా అని అడగండి.