ఆపరేషన్ చెక్‌లిస్టు ప్రాణాలు కాపాడుతుందా: లెక్కలో ఒక మాపు తగ్గిన రాత్రి

"ఆపరేషన్ థియేటర్‌లో చదివే చెక్‌లిస్టు వల్ల రోగికి నిజంగా మేలు జరుగుతుందా, లేక అది కేస్ షీట్‌లో చేరే ఇంకో కాగితమేనా?" అని మీరు అడిగారు. ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక ఆసుపత్రిలో పందొమ్మిదేళ్లు థియేటర్ నర్సుగా నిలబడినదాన్ని కాబట్టి రెండూ నిజమేనని చెప్పగలను. అది ఎక్కడ ప్రాణం నిలుపుతుంది, ఎక్కడ కాగితంగా మిగులుతుంది అన్నది మాత్రం ఆ గదిలోని చిన్నవాళ్లకు నోరు విప్పే వీలుందా లేదా అన్నదాని మీదే ఉంటుంది.

ఒక రాత్రి దేవరకొండ వైపు తండా నుంచి ఒకామెను తీసుకువచ్చారు. గర్భం గర్భసంచిలో కాక నాళంలో నిలిచి, ఆ నాళం పగిలింది. కడుపు నిండా రక్తం, నాడి చేతికి అందడం లేదు. ఆపరేషన్ చేసిన పెద్ద సారుకు మంచి హస్తవాసి ఉందని చుట్టుపక్కల మండలాలన్నిటా పేరు, ఆ పేరు అబద్ధమేమీ కాదు. పొట్ట తెరిచిన కొద్ది నిమిషాల్లోనే రక్తం కారుతున్న చోటును పట్టి బిగించారు. రక్తం పీల్చడానికి, పేగులను ఒత్తి ఉంచడానికి కడుపులో పెట్టే గుడ్డలను మాపులంటాం. వాటిని మేము అయిదేసి కట్టలుగా విప్పుతాం. ఆ రాత్రి మూడు కట్టలు విప్పినట్టు, మొత్తం 15 అని బోర్డు మీద రాసింది నేనే. మూసే ముందు లెక్కపెడితే 14 వచ్చాయి.

సారుకు పరికరాలు అందించడానికి ట్రాలీ దగ్గర నిలబడిన నర్సు అమ్మాయి మిర్యాలగూడ నుంచి వచ్చి ఆరు నెలలే అయింది. "అక్కా, ఒక్కటి తక్కువొస్తుంది" అని నాతో మెల్లగా అన్నది. నేను బకెట్‌లోనివి నేల మీద పరిచి మళ్లీ లెక్కపెట్టాను, టేబుల్ కింద వెతికాను, దొరకలేదు. సారు తల ఎత్తకుండానే "మీ లెక్కే తప్పయి ఉంటది, కుట్టు దారం ఇయ్యి" అన్నారు. ఆ అమ్మాయి చేతిలో సూదిని పట్టే నీడిల్ హోల్డర్ ఉంది, కాని ఇవ్వలేదు. "సార్, ఒక్కటి తక్కువుంది" అని ఈసారి అందరికీ వినబడేలా అన్నది. మాపుల్లో ఎక్స్‌రేకు కనిపించే దారం ఉంటుంది నిజమే, కాని అర్ధరాత్రి ఎక్స్‌రే తీసే మనిషిని మాకు ఎవరు ఇచ్చారు? చివరికి మత్తు డాక్టరుగారు "ఇంకో పది నిమిషాలు నేను చూసుకుంటాను, ఒకసారి చెయ్యి పెట్టి చూడండి సార్" అనబట్టి ఆయన చూశారు. పేగులను పైకి ఒత్తి ఉంచడానికి పెట్టిన మాపు, రక్తంలో నాని, కాలేయం కింద శరీరంలో ఒక భాగంలాగే ఉండిపోయింది. దాన్ని బకెట్‌లో వేసి, ట్రాలీ సర్దడం సరిగా రాదని ఆ అమ్మాయినే కోప్పడ్డారు.

ఇది మా ఊరి రోగం అనుకోకండి. 2003లో అమెరికాలో అతుల్ గవాండే అనే సర్జన్ బృందం ఆపరేషన్ తర్వాత ఒంట్లో వస్తువులు మిగిలిపోయిన 54 మంది కేసులను పరిశీలిస్తే, అత్యవసర ఆపరేషన్‌లో ఆ ప్రమాదం దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువని తేలింది. అంతకంటే నన్ను కలవరపెట్టినది, లెక్కపెట్టిన కేసుల్లో 88 శాతంలో లెక్క సరిపోయిందనే అనుకున్నారన్న మాట. మీరు అడిగిన చెక్‌లిస్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చినదే; అందులోని 19 అంశాల్లో మాపుల లెక్క పూర్తయిందని నర్సు పైకి చెప్పడం ఒకటి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో దాన్ని పాటించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. అదే కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు దాన్ని అమలు చేస్తే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో తేలింది. పండితులు దీనికి ఎన్ని కారణాలైనా చెప్పనివ్వండి, నాకు తెలిసిన కారణం ఒక్కటే: ఆపరేషన్ అయిపోయాక ఒకరే కూర్చుని, ఒకే పెన్నుతో, గళ్లన్నిటిలో టిక్కులు పెట్టడం. నేను చూశాను, నేనూ పెట్టాను.

ఆ చెక్‌లిస్టులో కోత పెట్టే ముందు అందరూ పేరు, పని చెప్పుకోవాలని ఉంటుంది. అది చదివి మా దగ్గర పని నేర్చుకునే పీజీ డాక్టర్లు నవ్వేవారు. పందొమ్మిదేళ్లలో నా పేరు తెలిసిన సర్జన్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, మిగిలిన అందరికీ నేను "సిస్టర్"నే. పేరు తెలియని మనిషి "ఆగండి" అంటే ఆగేది ఎవరు? మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో, సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, సంతోషమే. ముడి వేయడం, కోత పెట్టడం అక్కడ బాగానే నేర్పుతారు. నర్సు లెక్క తగ్గిందన్నప్పుడు చెయ్యి ఆపడం కూడా పరీక్షలో మార్కులు వేసి నేర్పవలసిన విద్యేనని నా గట్టి అభిప్రాయం. స్కాట్లాండులో సర్జన్ల మాటతీరును, తోటివారితో కలిసి పనిచేసే తీరును చూసి అంచనా వేసే పద్ధతి ఎప్పుడో తయారుచేశారు. రోగుల బంధువులూ తక్కువవారు కాదు, "ఆపరేషన్ ఏ సారు చేస్తాడు?" అని పదిసార్లు అడుగుతారు, ట్రాలీ దగ్గర ఎవరుంటారని ఒక్కరూ అడగరు.

బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ 1911 నుంచి 1916 వరకు తన సొంత ఆసుపత్రి నుంచి వెళ్లిన 337 మంది రోగుల ఫలితాలను అచ్చు వేయించి, అందులో 123 తప్పులు జరిగాయని తానే ఒప్పుకున్నాడు. మా దగ్గర ఆ రాత్రి సంగతి ఏ లెక్కలోకీ ఎక్కలేదు. మర్నాడు ఆమె భర్త పెద్ద సారు కాళ్లు మొక్కి, ఆ అమ్మాయిని మాత్రం చాయ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. కేస్ షీట్‌లో "మాపుల లెక్క సరిపోయింది" అని రాసి సంతకం పెట్టింది నేనే. ముందు 14 వచ్చిందని గాని, వెతకడానికి 11 నిమిషాలు పట్టిందని గాని, ఆపినది ఎవరని గాని అందులో రాయలేదు.