‘గ్రెప్’ ఎక్కడి మాట?

ప్రశ్న: లైనక్స్ ల్యాబ్‌లో ‘గ్రెప్’ అంటే ఏమిటని అడిగితే, ‘వెతకడం, అంతే రాసుకో’ అన్నారు. మా ఇంట్లో డిక్షనరీలో ఆ మాటే లేదు. ఎక్కడిదండీ?
– డిప్లొమా విద్యార్థిని, తెనాలి

జవాబు: పాతికేళ్లు పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతూ నేనూ అలాగే దాటేశానమ్మా! అసలది మాట కాదు, ఒక ఆదేశమే అతుక్కుపోయి మాటయింది. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో లైనక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసినవాళ్లు, ఫైళ్లు దిద్దుకోవడానికి ‘ఈడీ’ అనే ఎడిటర్ వాడేవారు. అందులో జీ అంటే ఫైలంతా. రెండు ఏటవాలు గీతల మధ్య ఆర్ఈ, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, మనం వెతికే అక్షరాల నమూనా. పీ అంటే ప్రింట్. ఆ యూనిక్స్ చేసినవాళ్లలో ఒకరైన కెన్ థాంప్సన్ ఆ పనిని విడి ప్రోగ్రాముగా రాసి, g/re/p లో గీతలు తీసేసి ‘గ్రెప్’ (grep) అని పేరు పెట్టారు. ప్రింట్ అంటే నిజంగా కాగితం మీదే. అప్పుడు వాళ్ల ముందున్నది తెర కాదు, కాగితం మీద అక్షరాలు కొట్టే టెలిటైప్ యంత్రం. మోడల్ 33 అయితే సెకనుకు పదే అక్షరాలు కొట్టేది, పైగా మీటలు గట్టి. అందుకే ఆదేశాల పేర్లు పొట్టివైపోయి, ‘కాపీ’ కాస్తా ‘సీపీ’ అయిందంటే అవదూ మరి! ఫైలు సృష్టించే ‘క్రియేట్’ స్పెల్లింగులో చివరి ‘ఇ’ ఎగరగొట్టడం మాత్రం నా దృష్టిలో వట్టి పిసినారితనం. యూనిక్స్‌ను మళ్లీ చేస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ‘ఇ’ పెడతానన్నారట థాంప్సన్.